మంచు మూత కింద మహాసముద్రం



మొన్న చుట్టాలు వస్తే, నిమ్మరసంలోకని మా చిన్నవాడు తొందరపడి ఫ్రిజ్‌లోంచి ఐసు ట్రే లాగేశాడు. పైకి గట్టిగానే ఉన్నది. చెంచాతో పొడిస్తే లోపలంతా నీళ్ళే! ఐసు నీటికంటె తేలిక గనుక పైన తేలి మూత వేస్తుంది. ఇంచుమించు ఇలాగే ఆకాశంలో ఒక చంద్రుడున్నాడంటే నమ్ముతారా?

పెళ్ళి మాటలప్పుడు గురుబలం ఉందా అని పంచాంగం చూపిస్తాం గదా, ఆ గురుగ్రహానికి చంద్రులు చాలామంది. 1610లో గెలీలియో దూరదర్శినితో నలుగురిని చూశాడు. వారిలో ఒకటి యూరోపా. మన చందమామకన్న కాస్త చిన్నది. ఒళ్ళంతా మంచుగడ్డ. మనకు వచ్చే ఎండలో పాతికో వంతు కూడా అక్కడికి చేరదు. పైన చలి సున్నాకు దిగువన 160 డిగ్రీలు.

మరి అడుగున నీరు గడ్డకట్టకుండా ఎలా ఉంటుందండీ? ఒక ఇనుప తీగెను అటూ ఇటూ పదిసార్లు వంచి, వంగినచోట వేలు పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. యూరోపా మూడున్నర రోజులకొకసారి గురుగ్రహాన్ని చుట్టి వస్తుంది. దాని దారి సరిగ్గా గుండ్రం కాదు. దగ్గరైనప్పుడు గురుగ్రహం గట్టిగా లాగుతుంది, దూరమైనప్పుడు కాస్త వదులుతుంది. ఆ సాగటంలో, ముడుచుకోవటంలో వేడి పుడుతుంది.

ఎవరూ తవ్వి చూడలేదే, నీళ్ళున్నవని ఎలా తెలిసింది? తడిచేతులతో స్విచ్చి ముట్టుకోవద్దని పిల్లల్ని కేకలేస్తాం. ఉప్పునీటిలోనైతే కరెంటు మరీ సులువుగా పారుతుంది. గురుగ్రహానికి గొప్ప అయస్కాంత శక్తి ఉన్నది. అది మారుతున్నప్పుడల్లా యూరోపా లోపల కరెంటు పుట్టి, తానూ ఒక చిన్న అయస్కాంతంలా జవాబిస్తున్నదని 1995 నుంచి అక్కడ తిరిగిన 'గెలీలియో' నౌక కనిపెట్టింది. వట్టి మంచు అలా చేయలేదు. మంచు మూత మందం పదిహేను, ఇరవై కిలోమీటర్లు ఉండవచ్చునని, దాని కింద మన సముద్రాలన్నిటికి రెండింతల నీరు ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా.

నీరు, ఉప్పు, వెచ్చదనం ఉన్నచోట ప్రాణి ఉండకూడదా అని వారి ఆశ. ఆ ఆశ కోసం వారు చేసిన పని వింటే నాకు మనసు కదిలింది. 2003 నాటికి గెలీలియో నౌకలో ఇంధనం అయిపోవచ్చింది. అది దారి తప్పి యూరోపా మీద పడితే, మన భూమి నుంచి వెళ్ళిన సూక్ష్మజీవులు ఆ నీటిలో చేరవచ్చు. రేపు అక్కడ ప్రాణి కనిపించినా, అది అక్కడిదో మనదో తేలదు. అందుకని నౌకనే గురుగ్రహంలోకి తోసి కాలిపోనిచ్చారు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వం చూడండి, అదే జాగ్రత్త!

2024 అక్టోబరులో అమెరికావారు 'యూరోపా క్లిప్పర్' అనే నౌకను పంపారు. 2030లో గురుగ్రహాన్ని చేరవలసి ఉన్నది. అదీ యూరోపా మీద దిగదు. సుమారు యాభైసార్లు దగ్గరగా వెళ్ళి చూస్తుంది, అంతే. మూత తీయకుండా, ఆవిరిని బట్టి ఇడ్లీలు ఉడికాయో లేదో చెప్పగల మనకు ఈ పద్ధతి కొత్తదా చెప్పండి!