మందు నిజమైనదే.. పురుగే మారింది!
గుంటూరు: మందు కొట్టినా పురుగు చావకుంటే రైతు ముందుగా నిలదీసేది దుకాణదారుడినే. నకిలీల బెడద ఉన్నమాట నిజమే. అయితే అసలు మందుకూ లొంగని పురుగులున్నాయి. 1987లో కోస్తా పత్తి చేలలో శనగపచ్చ పురుగు ఈ సంగతిని రుజువు చేసింది. సింథటిక్ పైరిత్రాయిడ్లను పదేపదే పిచికారీ చేసినా కాయలను తొలిచేసింది. పంట పోయి, అప్పులు మిగిలి ప్రకాశం జిల్లాలో పలువురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

ఈ మొండితనం గుట్టు చాలావరకు పురుగు ఒంట్లోని ఎంజైములలో ఉంది. ఆకుల్లోని సహజ విషాలను తట్టుకునేందుకు దాని పేగులో పి450 ఎంజైములు పనిచేస్తుంటాయి. ఇవే మందు అణువుకు ఆక్సిజన్ జోడించి విషాన్ని విరిచేస్తాయి. ఎస్టరేజ్‌లనే మరో రకం ఎంజైములు అణువును రెండుగా తెంచుతాయి. రెండు పి450 జన్యువుల ముక్కలు అతుక్కుని ఏర్పడిన కొత్త జన్యువే ఫెన్‌వలరేట్‌ను నిర్వీర్యం చేస్తున్నట్లు 2012లో ఆస్ట్రేలియా పురుగులలో తేలింది.

చేలో ఇటువంటివి తొలుత కొన్నే. మందు మిగతావాటిని చంపి, వీటి సంతతికే చేనును అప్పగిస్తుంది. మోతాదు పెంచితే ఈ ఏరివేత మరింత ముదురుతుంది. బ్రాండు మార్చినా లాభం లేదు. డబ్బాపై చిన్న అక్షరాల్లోని రసాయనం పేరు చూసి, వేరే తరగతి మందును ఎంచుకోవాలి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ పేర్లు వేరైనా తరగతి ఒక్కటే.