'మా అమ్మ' అని ఎందుకంటాం? - అనారెస్ ప్రజల కథ

కిందటి ఏడాది మా తెలుగు బడిలో రెండో తరగతి పిల్లవాడు ఒక ప్రశ్న అడిగాడు. "అంకుల్, నాకు అన్నాతమ్ముళ్ళు లేరు కదా. మరి 'మా అమ్మ' అని ఎందుకనాలి? 'నా అమ్మ' అనాలి కదా?" ఆ వేళ పాఠం చెబుతున్న మేము ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "అలాగే అంటారు నాన్నా" అని దాటేశాం. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. దానికి జవాబు వెతుక్కుంటూ వెళితే, ఎప్పుడో చదివిన ఒక ఇంగ్లీషు నవల గుర్తుకొచ్చింది. ఆ నవలలోని ప్రజల సంగతి పిల్లలకీ, పెద్దలకీ చెప్పాలనే ఈ వ్యాసం.

ఆ నవల పేరు 'ది డిస్పొసెస్డ్'. రాసినావిడ అమెరికన్ రచయిత్రి అర్సులా లె గ్విన్ (1929-2018). 1974లో అచ్చయింది. సైన్సు కథలకిచ్చే హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ దీనికి వచ్చాయి.

కథ ఇదీ. ఉర్రాస్ అనేది పచ్చని, సంపన్నమైన గ్రహం. దానికి చందమామ లాంటిది అనారెస్. అక్కడ అంతా దుమ్ము, ఎండిన నేల. నేల మీద తిరిగే జంతువులు లేవు, సముద్రంలో చేపలు మాత్రం ఉన్నాయి. ఓడో అనే స్త్రీ బోధనలు నమ్మినవాళ్ళు, రాజూ యజమానీ లేని జీవితం కావాలని, కథాకాలానికి సుమారు 170 ఏళ్ళ ముందు ఉర్రాస్ వదిలి ఈ బీడు భూమికి వలస వచ్చారు. వాళ్ళను నడిపించిన ఓడో మాత్రం ఆ నేల చూడకుండానే చనిపోయింది.

అనారెస్‌లో ప్రభుత్వం లేదు, డబ్బు లేదు, జైళ్ళు లేవు. హోలమ్ అనే మొక్క గింజలు వాళ్ళ ముఖ్యమైన ఆహారం. దుమ్ము లేవకుండా హోలమ్ చెట్లు నాటడం పెద్ద పని. కథానాయకుడు షెవెక్ గొప్ప భౌతికశాస్త్రవేత్త. అయినా యువకుడిగా ఉన్నప్పుడు అతను కూడా వెళ్ళి ఆ చెట్లు నాటినవాడే. ఎక్కడ ఏ పనికి మనుషులు కావాలో ఒక కార్యాలయం కంప్యూటరుతో లెక్కవేసి చెబుతుంది. ఇష్టం లేకపోతే వెళ్ళనక్కరలేదు. కష్టమైన, మురికి పనులు అందరూ వంతులవారీగా, పది రోజులకొకసారి చేస్తారు. భోజనం ఊరి భోజనశాలలో అందరితో కలిసి.

ఇది మనకు మరీ వింతేమీ కాదు. మన ఊళ్ళలో చెరువు నీళ్ళు ఏ రైతుకు ఆ రైతు తూము తీసుకుని వాడుకునేవాడు కాదు. నీరుగంటి (తెలంగాణలో నీరటి) అందరి పొలాలకూ వంతు ప్రకారం వదిలేవాడు. నాట్ల రోజుల్లో ఇవాళ మీ చేలో మేము, రేపు మా చేలో మీరు అన్నట్టు బదులుపనులు సాగేవి. నీళ్ళు తక్కువైన చోట ఒక్కడు బతకడం కష్టం, పదిమంది కలిస్తే కొంత తేలిక. మన తాతలకు ఇది అనుభవం మీద తెలుసు.

మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించింది వాళ్ళ భాష. వలస వచ్చినవాళ్ళు పాత భాష వదిలేసి, ప్రావిక్ అనే కొత్త భాష తయారుచేసుకున్నారు. అందులో 'పని' అన్నా 'ఆట' అన్నా ఒకటే మాట. 'నాది', 'నీది' అనే మాటలు చాలా అరుదుగా వాడతారు. "నా చెయ్యి నొప్పి" అని కాకుండా "నన్ను చెయ్యి నొప్పిపెడుతోంది" అన్నట్టు మాట్లాడతారు. పసివాళ్ళు 'నా అమ్మ' అన్నా, త్వరలోనే ఉత్త 'అమ్మ' అనడం నేర్చుకుంటారు. పేర్లు పెట్టేది కూడా కంప్యూటరే. బతికున్న ఏ ఇద్దరికీ ఒకే పేరు ఉండదు. మా ఆఫీసుల్లో ఒకే పేరున్న శ్రీనివాసరావులు ముగ్గురుంటే వచ్చే తిప్పలు పడిన మాకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది!

ఇప్పుడు తెలుగు చూడండి. ఇంగ్లీషులో "నా తల నొప్పిపెడుతోంది" అన్నట్టు చెబుతారు. మనం "నాకు తల నొప్పిగా ఉంది" అంటాం. తల నాదే అని ప్రత్యేకం చెప్పం. అమ్మ విషయంలో 'మా' అంటాం. ఇల్లు, ఊరు కూడా 'మా ఇల్లు', 'మా ఊరు'. పైగా మనకు 'మేము' వేరు, 'మనం' వేరు. ఎదుటివారిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. హిందీలోనూ అంతే. పక్కనున్న కన్నడంలో కూడా ఒకప్పుడు ఉన్న ఈ తేడా నేటి వాడుకలో లేదు. అంటే ఇలాంటివి పోవడం సాధ్యమే. మా బడిలో పిల్లలు "మనం సినిమాకి వెళ్ళాం, మీరు రాలేదు" అంటుంటే మేము దిద్దుతూ ఉంటాం.

అయితే భాష మారితే మనుషులు మారిపోతారా? లె గ్విన్ అలా చెప్పలేదు. 'నాది' అనే మాట దాదాపు లేని ఆ లోకంలోనే, సాబుల్ అనే పెద్ద పండితుడు షెవెక్ చేసిన పనికి తన పేరు కూడా తగిలించుకున్నాడు. కరువు వచ్చినప్పుడు షెవెక్, అతని సహచరి టక్వెర్, కూతురు సాదిక్ నాలుగేళ్ళు దూరమయ్యారు. చట్టాలు లేకపోయినా పదిమంది ఏమనుకుంటారోనన్న భయం ఉంది. తండ్రి అభిప్రాయాలు నచ్చక తోటి పిల్లలు సాదిక్‌ను వెలివేసినట్టు చూశారు. షెవెక్ ఉర్రాస్‌కి బయలుదేరితే సొంత జనమే రాళ్ళు విసిరారు. కలిసి బతకడం మంచిదే, కానీ 'మన' అనే మాట ఒక్కడిని బయటికి నెట్టడానికీ పనికొస్తుందని ఆ కథ హెచ్చరిస్తుంది.

ఈ రచయిత్రికి ఇలాంటి ఆలోచనలు ఇంట్లోనే దొరికాయనుకోవచ్చు. ఆమె తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ అమెరికా ఆదివాసుల భాషలూ సంస్కృతులూ పరిశీలించిన పండితుడు. 1911లో కాలిఫోర్నియాలో ఒక ఆదివాసీ ఒంటరిగా, ఆకలితో జనంలోకి వచ్చాడు. యాహీ తెగలో మిగిలింది అతనొక్కడే. అసలు పేరు చెప్పలేదు. 'మనిషి' అనే అర్థంలో 'ఇషీ' అని పిలిచారు. 1916లో అతను చనిపోయేదాకా క్రోబర్, ఆయన సహచరులు అతని మాటలు నమోదు చేసుకున్నారు. లె గ్విన్ తల్లి థియోడోరా క్రోబర్ 1961లో ఇషీ జీవితం మీద పుస్తకం రాసింది. తన భాషలో తనతో మాట్లాడేందుకు మరొక మనిషి లేనివాడికి 'మనం' అనే మాటతో పనేముంటుంది?

మన భాషకు ఆ గతి లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలోనే 8 కోట్ల మందికి పైగా తెలుగు మాతృభాష. కానీ ఇక్కడ ఒక్కొక్క ఇంటి లెక్క వేరు. మన ఇంట్లో తెలుగు మాట్లాడేది ముగ్గురో నలుగురో. బిడ్డ మానేస్తే ఒకరు తగ్గినట్టు. ఆ బిడ్డతో అమ్మమ్మ ఫోనులో మాట్లాడే మాట కూడా తగ్గినట్టే. అనారెస్‌లో పెద్దవాళ్ళు కష్టపడి కొత్త భాష నేర్చుకుని పిల్లలకిచ్చారు. మనకు భాష తయారుగానే ఉంది, ఇవ్వడమే మిగిలింది.

అందుకే ఆ పిల్లవాడికి మా జవాబు, కాస్త ఆలస్యంగా: నాన్నా, నీకు అన్నాతమ్ముళ్ళు లేకపోయినా మీ అమ్మ నీ ఒక్కడిదే కాదు. 'మా' అన్నప్పుడు అందులో మీ నాన్న ఉన్నారు, ఊళ్ళో అమ్మమ్మ, తాతయ్య ఉన్నారు. ఆ ఒక్క అక్షరంలో మీ ఇంటివాళ్ళందరూ ఉన్నారు.

తల్లిదండ్రులకు చిన్న మనవి. ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలను అడగండి: మన ఇంట్లో 'నా' అనవలసినవి ఏవి, 'మా' అనవలసినవి ఏవి, 'మన' అనవలసినవి ఏవి? జవాబులు ఒక కాగితం మీద రాసి శనివారం బడికి పంపండి. మా ప్రశ్నలకు మీ పిల్లలే పాఠం చెబుతారు.