కరాటేనా... జూడోనా... మీకేది నప్పుతుంది?

"అమ్మాయి ఇంటర్‌కొచ్చింది, కరాటేలో చేర్పిస్తే బాగుంటుందేమో!" అని మీరు చాలాసార్లు అనుకునే ఉంటారు. "అమ్మాయికేనా, నాకు అక్కర్లేదా?" అన్న ఆలోచన కూడా ఎప్పుడో ఒకప్పుడు మెదిలే ఉంటుంది. పొద్దున్నే ముగ్గు వేస్తుంటే బైకు చప్పుడు వినగానే మెడలో గొలుసు తడుముకోవడం, రాత్రిపూట ఆటోవాడు దారి మార్చాడేమోనని గుండె దడదడలాడటం, కిక్కిరిసిన బస్సులో వెనకవాడి చెయ్యి సంగతి ఎవరికీ చెప్పలేక ముందు స్టాపులోనే దిగిపోవడం... ఇవి మనలో ఎవరికి తెలియనివి?

తీరా నేర్చుకుందామని వాకబు చేస్తే వీధికో బోర్డు! కరాటే, టైక్వాండో, కుంగ్‌ఫూ, జూడో, కిక్ బాక్సింగ్, క్రావ్ మగా... చీరల కొట్లో ఒకేసారి వంద చీరలు పరిచినట్టుంటుంది. ఎవర్ని అడిగినా "మాదే గొప్ప" అంటారు. మరి దేంట్లో చేరాలి? ఒక్క మాటలో చెప్పాలంటే, పేరు చూసి కాదు, నేర్పే తీరు చూసి ఎంచుకోవాలి. అదెలాగో చూద్దాం రండి.

గెలవడం కాదు, తప్పించుకోవడం

1990లో వచ్చిన 'కర్తవ్యం' సినిమాలో విజయశాంతి రౌడీల్ని చితకబాదుతుంటే మనమంతా చప్పట్లు కొట్టాం. ఆ పాత్రకి ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డూ వచ్చింది. కానీ సినిమా వేరు, సందు చివర చీకటి వేరు. జూడో, బాక్సింగ్, టైక్వాండో పోటీలు గమనించారా? ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ విడివిడిగా, అందులోనూ బరువుల వారీగా పెడతారు. ఎంత విద్య వచ్చినా బరువూ బలమూ లెక్కలోకి వస్తాయి మరి!

కాబట్టి మీరు నేర్చుకునేది వాణ్ణి ఓడించడానికి కాదు. పట్టు విడిపించుకుని, నలుగురున్న చోటికి పరుగెత్తడానికి కావలసిన రెండు మూడు క్షణాలు సంపాదించుకోవడానికి. అలా అనుకుంటే నలభై ఏళ్ళ ఇల్లాలికైనా, యాభై ఏళ్ళ అత్తగారికైనా ఇది అందని పని కాదు. దొంగ కత్తి చూపించి పర్సు అడిగితే పర్సు ఇచ్చెయ్యండి. బైకు మీదివాడు గొలుసు లాగితే దాన్ని పట్టుకుని రోడ్డు మీద ఈడ్పించుకోకండి. బంగారం మళ్ళీ కొనుక్కోవచ్చు. విద్య అక్కరకు రావలసింది మీ ఒంటి మీద చెయ్యి పడ్డప్పుడు.

ఏ విద్యలో ఏముంది?

కరాటే జపానులోని ఒకినావా దీవుల్లో పుట్టింది. 1922లో గిచిన్ ఫునకోషి అనే బడిపంతులు దాన్ని టోక్యోలో ప్రదర్శించాక ప్రపంచమంతా పాకింది. మన ఊళ్ళలో తేలిగ్గా దొరికేది ఇదే. పిడికిలి, మోచెయ్యి, మోకాలు, అరిచెయ్యి వాడటం నేర్పుతారు. కాళ్ళూ చేతులూ గట్టిపడతాయి, బెరుకు పోతుంది. అయితే కొన్ని క్లాసుల్లో గాలిలో గుద్దులూ, 'కటా' అనే వరస కదలికలతోనే ఏళ్ళు గడిచిపోతాయి. ఎదుటి మనిషితో సాధన లేకపోతే అది గట్టు మీద ఈత కొట్టడమే!

టైక్వాండో కొరియా వాళ్ళది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి పతకాల క్రీడగా ఉంది. కాలి దెబ్బలు దీని ప్రత్యేకత. పెరిగే పిల్లలకి ఎంతో మంచిది. కానీ చీరలో, ఇరుకు బస్సులో తలదాకా కాలెత్తడం అయ్యే పనేనా? మీకోసమైతే రెండుసార్లు ఆలోచించండి.

జూడో గురించి మనవాళ్ళు తక్కువగా మాట్లాడుకుంటారు గానీ, నిజానికి ఆడవాళ్ళకి చాలా పనికొచ్చేది. 1882లో జిగోరో కానో అనే జపాను ఉపాధ్యాయుడు పాత 'జుజుత్సు' విద్యలోంచి దీన్ని తయారుచేశాడు. చిన్నప్పుడు బలహీనంగా ఉండేవాడాయన! ఇందులో గుద్దులుండవు. బట్ట పట్టుకుని, ఎదుటివాడి తూకం తప్పించి పడేయడం, కింద అదిమిపెడితే విడిపించుకోవడం ఉంటాయి. మన మీద చెయ్యి వేసేవాడు పట్టుకునేది చున్నీనో, కొంగునో, జబ్బనో కదా! ఆ దగ్గరితనానికి అలవాటుపడటమే సగం ధైర్యం. పైగా జూడోలో మొట్టమొదట నేర్పేది దెబ్బ తగలకుండా పడటం. తడి బాత్‌రూములో జారినా అది అక్కరకొస్తుంది!

నూరేళ్ళ కిందట ఇంగ్లండులో ఓటు హక్కు కోసం పోరాడిన స్త్రీలు ఏం చేశారో తెలుసా? పోలీసుల చేతుల్లో దెబ్బలు తినీ తినీ, అయిదడుగులైనా లేని ఎడిత్ గారడ్ అనే ఆవిడ దగ్గర ఈ జుజుత్సునే నేర్చుకున్నారు. అదే విద్య బ్రెజిల్ వెళ్ళి 'బ్రెజిలియన్ జుజిట్సు' అయింది. నేల మీద, పైన మనిషి ఉన్నప్పుడు ఎలా తప్పించుకోవాలో ఇందులో వివరంగా నేర్పుతారు. పెద్ద నగరాల్లోనే దొరుకుతుంది. దొరికితే మాత్రం వెళ్ళి చూడండి.

బాక్సింగ్ అనగానే "అమ్మో!" అనకండి. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. దెబ్బకి కళ్ళు మూసుకోకుండా నిలబడటం, కాళ్ళు కదపడం, దూరం అంచనా వెయ్యడం బాక్సింగ్ నేర్పినంత త్వరగా మరేదీ నేర్పదు. పట్టు విడిపించుకోవడం మాత్రం ఇందులో ఉండదు.

కేరళ వారి కలరిపయట్టు అందమైన విద్య. వడకర ఊళ్ళో మీనాక్షి అమ్మ ఏడేళ్ళ వయసులో మొదలుపెట్టి, డెబ్భై దాటాక కూడా నేర్పుతూ 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే ఇందులో ముందు ఒంటి కసరత్తు, తర్వాత కర్ర, ఆ తర్వాత కత్తి, చివరికి వట్టి చేతుల పోరు. అంటే మీకు కావలసిన పాఠం ఆఖర్న వస్తుందన్నమాట! మన కర్రసాము కూడా ఒంటికి మంచిదే. కాకపోతే కూరగాయల బజారుకి కర్ర పట్టుకెళ్ళం కదా!

క్రావ్ మగా ఇజ్రాయెల్ సైన్యంలో పెరిగింది. పోటీలూ పతకాలూ లేవు, కేవలం ఆత్మరక్షణే. తక్కువ రోజుల్లో పని జరిగే పద్ధతి. కానీ రెండు రోజుల శిబిరంలో నేర్చుకుని బోర్డు కట్టినవాళ్ళూ ఉంటారు. ఎక్కడ, ఎన్నేళ్ళు నేర్చుకున్నారో అడగకుండా డబ్బు కట్టకండి.

మూడే మూడు పరీక్షలు

ఇవన్నీ విన్నాక తల తిరుగుతోందా? ఏ క్లాసుకైనా ఈ మూడు పరీక్షలు పెట్టండి, చాలు.

మొదటిది: అక్కడ ఎదురుతిరిగే జోడీతో సాధన చేయిస్తున్నారా? బియ్యం కొనేముందు గుప్పెడు తీసి చూసినట్టే, ఒక రోజు పూర్తిగా కూర్చుని క్లాసు చూడండి. చెయ్యి పట్టుకున్నవాడు నవ్వుతూ తానే వదిలేస్తుంటే లాభం లేదు. మెల్లగా మొదలుపెట్టి, పోనుపోను గట్టిగా పట్టుకోవాలి. మీరు విడిపించుకోవాలి. ఉదాహరణకి, మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలికీ తక్కిన వేళ్ళకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందు వైపుకి చెయ్యి తిప్పి లాగాలి. చదవడానికి తేలికే! వదలని చేతితో యాభైసార్లు చేస్తేగానీ ఒంటికి పట్టదు.

రెండోది: మీరు మానకుండా వెళ్ళగలరా? ఊరవతల ఉన్న గొప్ప గురువు కన్నా, వీధి చివర మంచి గురువు మేలు. పిల్లలు బడికెళ్ళాక, వంట ముగిశాక, వారానికి రెండు రోజులు, రోజుకో గంట కుదిరేది చూసుకోండి. ఆరునెలలు వెళ్ళిన జూడో ముందు, ఆరు రోజుల్లో మానేసిన కరాటే ఎందుకు? నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, బీపీ ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరుని అడిగాకే చేరండి. మామూలుగా పంజాబీ డ్రెస్ వేసుకున్నా, నెలకోసారి మీరు రోజూ కట్టే చీరలోనే సాధన చేయించమని అడగండి.

మూడోది: గురువు ఎలాంటివాడు? ఆడవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారు? పట్టు చూపించేముందు "పట్టుకోవచ్చా అమ్మా?" అని అడుగుతున్నాడా? తలుపులు తీసి ఉంచుతారా? తల్లిదండ్రుల్ని కూర్చోనివ్వని చోట అమ్మాయిని చేర్చకండి. "ఆరు నెలల్లో బ్లాక్ బెల్టు" అన్నవాడికి దూరంనుంచే దణ్ణం పెట్టండి!

అసలు ఆయుధం గొంతు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "ఆడపిల్ల గొంతు వాకిలి దాటకూడదు" అని పెంచారు మనల్ని. అందుకే ఒంటి మీద చెయ్యి పడ్డా "నలుగురూ ఏమనుకుంటారో" అని నోరు నొక్కుకుంటాం. మంచి గురువు మొదటిరోజే మీచేత అరిపిస్తాడు. సిగ్గేస్తుంది, నవ్వొస్తుంది. అయినా సరే, అరవండి.

ఏమని అరవాలో కూడా ముఖ్యమే. 1976లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఒకడు ఒకామె మీద చెయ్యి చేసుకుంటున్నట్టు నటించారు. ఆమె "నువ్వెవరో నాకు తెలీదు" అని అరిచినప్పుడు చూసినవాళ్ళలో నూటికి 65 మంది కల్పించుకున్నారు. మొగుడూ పెళ్ళాల గొడవ అనిపించినప్పుడు 19 మందే! కాబట్టి "వీడెవరో నాకు తెలీదు! నీలం చొక్కా అన్నయ్యా, పోలీసులకి ఫోన్ చెయ్యండి!" అని ఒకర్ని గుర్తుపట్టి మరీ పిలవండి.

మరి తెలిసినవాడే అయితే? మన దేశంలో నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని నేర గణాంకాలు చెబుతున్నాయి. దూరపు చుట్టమో, పక్కింటాయనో, ట్యూషన్ మాస్టారో. అక్కడ మోచేతి దెబ్బ కన్నా ముందు కావలసింది ఒక మాట. "చెయ్యి తియ్యండి. నాకు నచ్చదు." గట్టిగా, కళ్ళలోకి చూస్తూ, నవ్వకుండా చెప్పాలి. మర్యాద చూపిస్తే చొరవ తీసుకునేవాడికి మర్యాద అక్కర్లేదు. ఈ మాట అమ్మాయికి నేర్పండి. తను వచ్చి చెప్పినప్పుడు "ఛ, ఆయన అలాంటివాడు కాదు" అనకండి.

ఈ నేర్పు ఎంత పనిచేస్తుందో కెనడాలో తేలింది. మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది అమ్మాయిల మీద చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. కొందరికి 12 గంటల శిక్షణ ఇచ్చారు. తెలిసినవాళ్ళ నుంచి వచ్చే ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, మొహమాటం వదిలి అడ్డుచెప్పడం, తర్వాత దెబ్బ కొట్టి తప్పించుకోవడం అందులో పాఠాలు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవాళ్ళు శిక్షణ లేనివాళ్ళలో 9.8 శాతం ఉంటే, శిక్షణ పొందినవాళ్ళలో 5.2 శాతమే. పన్నెండు గంటలంటే ఎంత? నాలుగు మధ్యాహ్నాలు! అలాగని దెబ్బ తిన్న అమ్మాయిని "నువ్వెందుకు ఎదిరించలేదు?" అని అడగకూడదు. తప్పు ఎప్పుడూ చెయ్యి వేసినవాడిదే.

ఇంట్లోనే హింస ఉంటే పట్టూ విడుపూ ఒక్కటే చాలదు. అలాంటివాళ్ళ కోసం 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది. 181 నంబరుకి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. ఏ ఆపదలోనైనా 112 ఉండనే ఉంది.

"కొడితే నా మీదే కేసు పెడితే?" అన్న భయం వద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకూ సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కు ఉంది. అవసరానికి మించి హాని చెయ్యకూడదన్నదే షరతు. అంటే వాడు వదిలేసి పారిపోతుంటే వెంటపడి కొట్టకండి. మీరూ పరుగెత్తండి, రెండోవైపుకి!

చేరేముందు అడగండి

* ఒక రోజు ఊరికే కూర్చుని చూడొచ్చా?
* నెల ఫీజు ఎంత? డ్రెస్సుకి, బెల్టు పరీక్షకి విడిగా ఎంత?
* వెనకనుంచి పట్టుకుంటే, జుట్టు లాగితే, కింద పడేస్తే ఏం చెయ్యాలో నేర్పుతారా?
* నేర్పేవాళ్ళలో ఆడవాళ్ళున్నారా?
* దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స ఏర్పాటు ఉందా?

ఒంటరిగా వెళ్ళడానికి బెరుకుగా ఉంటే పక్కింటి వదినగారినో, ఆడపడుచునో తోడు తీసుకెళ్ళండి. అమ్మాయితో కలిసి చేరితే మరీ మంచిది. ఇంట్లో సాధనకి జోడీ కూడా దొరికినట్టే! "ఈ వయసులో నీకెందుకే?" అని ఎవరైనా అంటే, మొదటి పాఠం అక్కడే మొదలుపెట్టండి. నవ్వకుండా, కళ్ళలోకి చూసి, "నాకు కావాలి" అనండి!