తలుపు తనకు తానే తాళం వేసుకొంటే

గత శీతాకాలంలో ఒక ఉదయం, వెల్లింగ్టన్‌లోని మా ఇంటి ముందు చెత్తడబ్బాను రోడ్డు అంచున ఉంచి వెనుదిరిగేసరికి, వీధి తలుపు గాలికి దఢాలున మూసుకొన్నది. లోపల పొయ్యిమీద పాలు. తాళంచెవి నా కోటు జేబులో, కోటు లోపలి కొక్కేనికి. "తాళంచెవి మీ దగ్గరే ఉందిగా?" అని నాతోపాటు బయటికి వచ్చిన శ్రీమతి అడిగిన ప్రశ్నకు నా డాక్టరేటు పట్టా ఏ సమాధానమూ చెప్పలేకపోయింది.

మన ఊళ్ళలోని పాత ఇళ్ళలో ఈ ఇబ్బంది అరుదు. గొళ్ళెం పెట్టి, తాళంకప్ప తగిలించి నొక్కటం మనిషి చేయవలసిన పని, గాలి చేయలేదు. ఇక్కడి వీధి తలుపులలో అనేకానికి మూయటమే తాళం వేయటం. తలుపు అంచున స్ప్రింగుతో కదిలే లోహపు నాలుక ఒకటి ఉంటుంది. దాని ఒక ముఖం ఏటవాలుగా ఉండటంవల్ల, చట్రంలోని పలకను తాకగానే లోపలికి జారి, రంధ్రం ఎదురుకాగానే బయటికి దూకుతుంది. తిరిగి లాగటానికి లోపలివారికి పిడి ఉన్నది. బయటివారికి తాళంచెవి ఒక్కటే గతి.

గాలికి అంత బలమెక్కడిది? సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలిని అడ్డగిస్తే, చదరపు మీటరుకు సుమారు 60 న్యూటన్ల బలం పడుతుంది. 1.6 చదరపు మీటర్ల తలుపుపై ఇది 96 న్యూటన్లు, అనగా దాదాపు పది కిలోల బరువు. వెల్లింగ్టన్‌లో ఇట్టి గాలి వింత కాదు. వెనుక కిటికీ కూడ తెరచి ఉంటే గాలికి దారి దొరికినట్లే. మా వంటగది కిటికీ ఆనాడు తెరచే ఉన్నది.

ఇక తాళంచెవి సంగతి. ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాల సూత్రాన్నే సంస్కరించి, అమెరికాకు చెందిన లినస్ యేల్ జూనియర్ 1861, 1865 సంవత్సరాలలో పేటెంట్లు పొందాడు. ఇత్తడి స్తూపంలో సాధారణంగా ఐదు జతల చిన్న కడ్డీలు ఉంటాయి. తాళంచెవి పండ్లు ప్రతి జతనూ సరిగా కావలసినంత ఎత్తుకే లేపితే జతల అతుకులన్నీ ఒకే గీతపైకి వచ్చి స్తూపం తిరుగుతుంది. ఒక్కొక్క గాటుకు ఆరు లోతులుంటే 6×6×6×6×6, అనగా 7,776 అమరికలు. కాబట్టి పొరుగింటి తాళంచెవితో ప్రయత్నించటం వ్యర్థం.

తాళంచెవి ఉండీ తిరగకపోవటం మరొక అవస్థ. చాలామంది వంటనూనె పోస్తారు. అది దుమ్మును పట్టి, క్రమంగా జిగురై, కడ్డీలను బిగిస్తుంది. గ్రాఫైటు పొడి మేలు. దాని పొరలు ఒకదానిపై ఒకటి జారుతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కాని ఆ జారుడుకు పొరల అంచులకు అంటిన నీటి ఆవిరి కూడ అవసరం. శూన్యంలో గ్రాఫైటు జారుడు పోతుంది. మన తడిగాలిని తిట్టుకొనేవారు దీనినైనా గుర్తించాలి!

లోపల పసిబిడ్డ చిక్కుకొన్నా, పొగ కనిపించినా సిగ్గుపడక ముందు 111కు ఫోను చేయాలి. అట్టి ప్రమాదం లేనప్పుడు ఇంటి యజమానినో, తాళాల పనివానినో పిలవవచ్చు. అద్దె ఇంట్లో తాళం మార్చటానికి మాత్రం, 1986 నాటి అద్దెల చట్టం ప్రకారం, యజమాని సమ్మతి కావాలి. కిటికీ అద్దం పగులగొట్టటం చౌక అనిపిస్తుంది గాని, తెగిన చేతికి కుట్లు వేయించుకోవటం చౌక కాదు.

తలుపు మూయించిన వంటగది కిటికీయే మాకు దారి ఇచ్చింది. పొరుగింటి పెద్దావిడ నిచ్చెన ఇచ్చారు. నేను దూరేసరికి పాలు లేవు, గిన్నె అడుగు బొగ్గయింది. ఇప్పుడు మా మారు తాళంచెవి ఆమె వద్ద, ఆమెది మా వద్ద ఉన్నాయి.