ఒకే డిస్కు - రెండు మడులు

నరసన్నపేట పొలాల్లో గట్టు వేసి, ఒక మడిలో వరి, పక్క మడిలో చెరకు పండించడం చూశారు కదా! కంప్యూటర్‌లోని హార్డ్‌డిస్కునూ అలాగే విభజించి, ఒక భాగంలో విండోస్, మరొక భాగంలో లినక్స్ ఉంచవచ్చు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ లినక్స్ మీదనే మన 'స్వేచ్ఛ' తెలుగు వ్యవస్థ రూపొందింది.

మరి డిస్కులో గట్టు ఏది? ఏ భాగం ఎక్కడ మొదలై ఎంత మేర ఉందో డిస్కు మొదట్లో ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఊరి పొలాలకు అడంగల్ వంటిదన్నమాట! పాత పద్ధతిలో ఈ పట్టిక 64 బైట్లే. నాలుగు భాగాలకే చోటు. కొత్త జీపీటీ పద్ధతిలో సాధారణంగా 128 భాగాలకు చోటుంటుంది.

కంప్యూటర్ వేయగానే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం ఏ వ్యవస్థ కావాలో అడుగుతుంది. మీరు కోరినది మాత్రమే నడుస్తుంది.

పట్టిక చెడితే, ఫైళ్లు డిస్కులో ఉన్నా కంప్యూటర్‌కు జాడ తెలియదు. కనుక విభజించే ముందు వాటి నకలు వేరొక చోట తప్పక దాచుకోండి.