కార్చిచ్చు – నేలజీవులు

1988లో అమెరికాలోని యెల్లోస్టోన్ వనములో మూడవవంతుకు పైగా భూమి కార్చిచ్చుకు గురియైనది. అట్టి మంటలలో నేలనంటి జీవించు పురుగులు, సాలీళ్ళు, జెర్రులు ఏమగును?

మట్టి వేడిని సులభముగా లోనికి పోనీయదు. పైన మంట చెలరేగినను, కొన్ని అంగుళముల దిగువ వేడి అంతగా సోకదు. కనుక పుట్టల లోతున నున్న చీమలు పెక్కు బ్రతుకును. కాని ఆకుచెత్తలో నివసించు మట్టినల్లులు గూటితో సహా మాడిపోవును. రాలిన ఆకులు చివికి మట్టిలో కలియుటకు తోడ్పడునవి ఇవియే!

రెక్కలులేని యీ చిరుజీవులు కాలక మిగిలిన తావులనుండి మెల్లగా ప్రాకి రావలయును. యెల్లోస్టోన్‌లో మంట అంతటను ఒకేరీతిగా వ్యాపింపలేదు. నడుమనడుమ పచ్చని తావులు మిగిలినవి. అడవి ఎంత కాలినదని మాత్రమే కాక, ఎచ్చట కాలలేదో కూడ చూడవలెను. నేలకు మరల జీవము వచ్చునది అచ్చటినుండియే.