లాప్‌టాప్ తెరకు కూడా పన్నా చూడాలి

సూరత్‌లో కాపురముంటున్న మనకు గుడ్డ కొనడం ఎవరూ నేర్పనవసరం లేదు. రింగ్ రోడ్డు మార్కెట్లలో ఎన్ని మీటర్లని అడిగిన నోటితోనే పన్నా ఎంత అని కూడా అడుగుతాము. పన్నా తెలియనిదే ఆ గుడ్డ చొక్కాకు సరిపోతుందో లేదో చెప్పలేము. ఇంత జాగ్రత్త గల మనమే, అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన లాప్‌టాప్ కొనేటప్పుడు మాత్రం ‘ఎన్ని అంగుళాలు?’ అన్న ఒక్క ప్రశ్నతో తృప్తి పడుతున్నాము.

ఏటా ఇంజనీరింగ్ ప్రవేశాలు జరిగే రోజులలో మన కాలనీలో ఈ చర్చ తప్పక వస్తుంది. ఇచ్ఛానాథ్‌లోని ఎస్‌వీఎన్‌ఐటీలో సీటు వచ్చినా, వరంగల్ ఎన్‌ఐటీలో వచ్చినా పిల్లలకు లాప్‌టాప్ కొనివ్వక తప్పదు. ప్రాసెసర్, మెమరీ వంటివాటిని గురించి పిల్లలే మనకు పాఠాలు చెబుతారు. కాని నాలుగేళ్ళపాటు రోజూ గంటల తరబడి వారు చూడబోయే తెర కొలతను, ఆకారాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. ఈ విషయమై సహోద్యోగ మిత్రులకు, వారి కుటుంబాలకు ఉపయోగపడగలవన్న ఉద్దేశంతో మాకు తెలిసిన కొన్ని సంగతులు ఇక్కడ పొందుపరుస్తున్నాము.

అంగుళాల వెనుక గల లెక్క

తయారీదారులు ప్రకటించే అంగుళాలు తెర యొక్క వెడల్పూ కాదు, ఎత్తూ కాదు. ఒక మూల నుండి ఎదుటి మూలకు గల దూరం, అనగా కర్ణం. కర్ణం ఒక్కటే అయినా దీర్ఘచతురస్రాలు అనేక ఆకారాలలో ఉండవచ్చునని మనమందరం హైస్కూలులో చదువుకున్నదే. కనుక కర్ణంతోపాటు వెడల్పు, ఎత్తుల నిష్పత్తి కూడా తెలిసినప్పుడే తెర సంగతి పూర్తిగా తెలిసినట్లు. నేడు బజారులో ముఖ్యంగా 16:9, 16:10, 3:2 నిష్పత్తుల తెరలు లభిస్తున్నాయి. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం మేము కట్టిన లెక్క ఇది (కొలతలు సెంటీమీటర్లలో, వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో):

13.5 అంగుళాలు, 3:2 – వెడల్పు 28.5, ఎత్తు 19.0, వైశాల్యం 543
14 అంగుళాలు, 16:9 – వెడల్పు 31.0, ఎత్తు 17.4, వైశాల్యం 540
14 అంగుళాలు, 16:10 – వెడల్పు 30.2, ఎత్తు 18.8, వైశాల్యం 568
15.6 అంగుళాలు, 16:9 – వెడల్పు 34.5, ఎత్తు 19.4, వైశాల్యం 671
16 అంగుళాలు, 16:10 – వెడల్పు 34.5, ఎత్తు 21.5, వైశాల్యం 742

ఈ పట్టికలో గమనింపదగిన విషయాలు రెండు. 13.5 అంగుళాల 3:2 తెర, దానికంటె ఎంతో పెద్దదిగా కనిపించే 15.6 అంగుళాల తెరకు ఎత్తులో నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. ఇక 15.6, 16 అంగుళాల తెరల వెడల్పు ఒక్కటే. కాని రెండవది రెండు సెంటీమీటర్లకు పైగా ఎక్కువ ఎత్తు గలది.

ఈ ఆకారాలు ఎట్లా వచ్చాయి?

తొలినాటి లాప్‌టాప్‌లు పాత టెలివిజన్ వలె 4:3 ఆకారంలో ఉండేవి. 1992లో వెలువడిన ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ తెర 10.4 అంగుళాలు; 640 అడ్డు, 480 నిలువు చుక్కలు. ఆ తరువాత 16:10, దాని వెనుక 16:9 వచ్చాయి. ఈ 16:9 చదువు కోసమో, ఆఫీసు పని కోసమో పుట్టినది కాదు. 1984లో కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజనీరు, సినిమా తెరల వివిధ ఆకారాలకు మధ్యేమార్గంగా దీనిని సూచించారు. టెలివిజన్లు ఆ ఆకారానికి మారడంతో, అదే నిష్పత్తిలో లాప్‌టాప్ తెరలు తయారు చేయడం కర్మాగారాలకు చౌక అయింది. అయితే పని చేసుకునేవారికి ఎత్తు చాలడం లేదన్న సంగతి క్రమంగా తెలిసివచ్చింది. 2013లో గూగుల్ వారి క్రోమ్‌బుక్ పిక్సెల్, 2014లో మైక్రోసాఫ్ట్ వారి సర్ఫేస్ ప్రో 3 యంత్రాలు 3:2 తెరలతో వచ్చాయి. ఇటీవలి సంవత్సరాలలో 16:10 తెరలు మరల విరివిగా లభిస్తున్నాయి.

ఏ పనికి ఏ ఆకారం?

చదువుకు, రాతకోతలకు కావలసినది ఎత్తు. పుస్తకం పుట నిలువుగా ఉంటుంది. దానిని అడ్డంగా పరచిన తెరపై చూస్తున్నాము. ఎత్తు తగ్గినకొద్దీ పుటను పైకి, క్రిందికి జరుపుకోవడం ఎక్కువవుతుంది. తెలుగు చదివేవారికి ఈ ఇబ్బంది మరికాస్త ఎక్కువ. మన లిపిలో తలకట్టు, గుడి పైన, వత్తులు క్రింద చేరుతాయి గనుక పంక్తికీ పంక్తికీ నడుమ ఎక్కువ ఎడం అవసరం. అందుచేత అదే ఎత్తులో ఇంగ్లీషు కంటె తెలుగు పంక్తులు తక్కువ పడతాయి.

ఇంజనీరింగ్ డ్రాయింగుల సంగతి మన వృత్తికి సంబంధించినది. ఏ0 నుండి ఏ4 వరకు అన్ని కాగితాల నిష్పత్తి సుమారు 1.414. అడ్డంగా గీసిన డ్రాయింగును పూర్తి ఎత్తున తెరపై నిలిపితే, 16:9 తెరలో 80 శాతం వెడల్పు మాత్రమే ఉపయోగపడుతుంది. రెండు ప్రక్కలా మిగిలినది వృథా. 16:10 తెరలో 88 శాతం, 3:2 తెరలో 94 శాతం ఉపయోగపడుతుంది. పై పట్టికలోని తెరలలో, అడ్డంగా ఉంచిన ఏ4 కాగితం అసలు కొలతలో ఇమిడేది 16 అంగుళాల 16:10 తెర ఒక్కదానిలోనే.

లెక్కల పట్టికలు వేసే అకౌంట్స్ మిత్రులకు వెడల్పు, ఎత్తు రెండూ కావాలి. 15.6 అంగుళాలు, ఆపై యంత్రాలలో అనేకం అంకెల మీటలను విడిగా కలిగి ఉండడం వారికి అదనపు సౌకర్యం.

మన నగరపు ముఖ్య వృత్తి అయిన వస్త్ర డిజైన్ వైపు వెళ్ళదలచిన పిల్లలు మరొక సంగతి గమనించాలి. 2,688 హుక్కుల ఎలక్ట్రానిక్ జకార్డ్‌కు డిజైన్ వేసేటప్పుడు ఒక్కొక్క హుక్కుకు అడ్డంగా ఒక్కొక్క గడి ఉంటుంది. 1,920 చుక్కల వెడల్పు గల తెరపై, గడికొక చుక్క చొప్పున చూపినా, ఆ డిజైన్ ఒకేసారి పట్టదు. వీరు లాప్‌టాప్ తెరపైనే ఆధారపడక, విడిగా పెద్ద మానిటర్‌ను కూడా లెక్కలో వేసుకోవాలి.

సినిమాలు చూడడానికి 16:9 మేలన్నది నిజమే. కాని 16 అంగుళాల 16:10 తెరపై, పైనా క్రిందా సన్నని నల్లని పట్టీలు పోగా మిగిలే బొమ్మ, 15.6 అంగుళాల 16:9 తెరపై కనిపించే బొమ్మకు దాదాపు సమానమే.

చుక్కలు, కళ్ళు

తెర కొలతతోపాటు చుక్కల సంఖ్య కూడా చూడాలి. 15.6 అంగుళాల తెరపై 1,366 × 768 చుక్కలే ఉంటే అంగుళానికి సుమారు 100 చుక్కలు పడతాయి. తెలుగు వత్తుల వంటి సన్నని రూపాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. 1,920 × 1,080 అయితే అంగుళానికి 141 చుక్కలు పడి అక్షరం స్పష్టంగా ఉంటుంది. అయితే చుక్కలు పెరిగినకొద్దీ అక్షరం చిన్నదవుతుంది. నలభై దాటిన మన వంటివారు 150 శాతం పెద్దది చేసుకుంటే, 1,080 నిలువు చుక్కల తెర 720 చుక్కల తెర చూపేంత విషయమే చూపుతుంది. కనుక పెద్దల కళ్ళకు పెద్ద తెరే ఉపకారం. అక్షరాన్ని పెద్దది చేసిన తరువాత కూడా చదువదగినన్ని పంక్తులు మిగులుతాయి.

మోత, ప్రయాణం

పెద్ద తెరకు బరువు తోడు. హాస్టలు నుండి తరగతికి, తరగతి నుండి ప్రయోగశాలకు రోజూ భుజాన మోసే విద్యార్థికి అర కిలో తేడా కూడా తక్కువేమీ కాదు. సెలవులకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సూరత్ నుండి వరంగల్‌కో, విజయవాడకో వెళ్ళే పిల్లలకు 14 అంగుళాల యంత్రం ఒళ్ళో ఇముడుతుంది. ఎత్తైన తెరకు ఒక చిన్న లోపం లేకపోలేదు: బస్సులో ముందు సీటు వెనుకకు వాలితే మూత పూర్తిగా తెరవడానికి చోటు చాలదు.

మా సూచన

రోజూ మోసుకుపోయే విద్యార్థికి 14 అంగుళాల 16:10 తెర అన్ని విధాలా అనుకూలం. లభిస్తే, ధర అందుబాటులో ఉంటే, 13.5 అంగుళాల 3:2 కూడా మంచిదే. ఇంటిలో ఒకేచోట ఉంచి, కుటుంబమంతా వాడుకునేందుకైతే 16 అంగుళాల 16:10 ఎంచుకోవచ్చు. 15.6 అంగుళాల 16:9 తక్కువ ధరకు దొరికే మాట నిజం. తీసుకుంటే కనీసం 1,920 × 1,080 చుక్కలు గలదే తీసుకోవాలి.

చిన్న లాప్‌టాప్ కొని, ఇంటిలో బల్లపై 24 అంగుళాల మానిటర్ అమర్చుకోవడం మరొక మార్గం. దాని ఎత్తు 30 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది గనుక నిలువు ఏ4 పుట దాదాపు అసలు కొలతలో, అదీ రెండు పుటలు ప్రక్కప్రక్కనే కనిపిస్తాయి. తెర కంటి ఎత్తుకు వస్తుంది గనుక మెడ వంచి కూర్చునే బాధ కూడా తగ్గుతుంది.

కొనబోయేటప్పుడు పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు వెంట తీసుకొని వెళ్ళవలసిందిగా మా మనవి. 15 సెంటీమీటర్ల ఆ చిన్న స్కేలునే రెండుసార్లు ఆనించి, తెర ఎత్తు కొలవండి. ఆపై తెలుగు పుట ఒకటి తెరిపించి, జరుపకుండా ఎన్ని పంక్తులు కనిపిస్తున్నాయో లెక్కించండి. దుకాణదారు ఒక క్షణం ఆశ్చర్యపోవచ్చు. మొహమాటపడనవసరం లేదు; ఆ తెర ముందు నాలుగేళ్ళు కూర్చోవలసింది మన పిల్లలే.